గాలి చక్రమిచ్చిన పశువైద్యుడు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నల్లరేగడిని ఎరిగినవారికి వాన వెలిసిన మర్నాడు బాట ఎట్లుండునో చెప్పనక్కరలేదు. వేసవిలో నెఱ్ఱెలు విచ్చి రాయివలె బిగుసుకొని ఉండే ఆ నేల, నాలుగు వానలు పడగానే వెన్నవలె జారుతుంది, బంకవలె అంటుకుంటుంది. ఇనుప పట్టా బిగించిన కొయ్యచక్రాల బండి పత్తి బోరాలతోనో, వేరుశనగ మూటలతోనో, నాపరాళ్ల బరువుతోనో అట్టి బాటలో అడుగు పెట్టినదా, సన్నని ఆ పట్టా కత్తివలె నేలలోనికి దిగబడేది. ఎద్దులు మోకాళ్లపై కూలేవి. బండివాడు కాడి క్రింద భుజమిచ్చి నిలిచేవాడు. పెన్న కిరువైపులా ఎన్ని తరాలవారు, ఎన్ని మూగజీవాలు ఈ బాధ పడినవో లెక్కలేదు.

20వ శతాబ్దపు నడిమి దశాబ్దాలలో రాయలసీమ పల్లెలకు మరొక విధమైన బండి వచ్చింది. దాని చక్రం వెడల్పైనది, మెత్తనిది, లోపల గాలి నిండినది. ప్రజలు దానిని టైరు బండి అన్నారు. అంతకు పూర్వంకంటె ఎక్కువ బరువును ఆ జత ఎద్దులే తక్కువ శ్రమతో లాగసాగినవి. ఆ గాలి చక్రాన్ని లోకంలో వాడుకలోనికి తెచ్చినవాడు యంత్రశాస్త్రవేత్త కాడు, వర్తకుడు కాడు. పశువులకు వైద్యం చేసి జీవించిన ఒక సాధు గృహస్థు. ఆయన పేరు జాన్ బాయిడ్ డన్లప్. ఆ పేరును చక్రాల మీద చదివినవారు కోట్లమంది. అది ఒక మనుష్యుని పేరని, ఆ మనిషికి ఒక చరిత్ర ఉన్నదని ఎరిగినవారు కొద్దిమంది.

డన్లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లండు దేశంలో, అయర్‌షైరు మండలంలోని డ్రెగ్‌హార్న్ అనే పల్లెలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. నెలలు నిండకుండ పుట్టిన బిడ్డ అనే భావం ఆయనను జీవితాంతం వెంబడించింది. తన శరీరం బలహీనమైనదని, అధిక శ్రమ తనకు తగదని ఆయన నమ్మకం. అట్లు నమ్మినవాడే 81 సంవత్సరాలు జీవించడం ఒక వింత. పొలం పనికి పనికిరాడని తలచిన ఈ బాలుడు చదువు మీద దృష్టి నిలిపాడు. ఎడింబరో నగరంలో పశువైద్యం అభ్యసించి, 19 ఏండ్లకే పట్టా పుచ్చుకొన్నాడు. కొన్ని సంవత్సరాలు ఆ నగరంలోనే వైద్యం చేసి, 1867లో సముద్రం దాటి ఐర్లండు చేరాడు. క్రమంగా బెల్ఫాస్ట్ నగరంలోని మే వీథిలో ఆయన వైద్యశాల వెలసింది. 1880 దశకం సగమయ్యేనాటికి ఆ ద్వీపంలో అంత పెద్ద పశువైద్యశాలలు అరుదు.

ఆనాటి బెల్ఫాస్ట్ ఓడలకు, అవిసెనార బట్టలకు పేరుపొందిన పారిశ్రామిక నగరం. మోటారు ఇంకా వీథికెక్కలేదు. నగరపు బరువంతా గుఱ్ఱం మీదనే నడిచేది. వీథులలో రాళ్లు పరచి ఉండేవి. వాటి నడుమ ట్రాము పట్టాలు. ఇనుప పట్టా చక్రం ఆ రాళ్ల మీద దొర్లినప్పుడు ప్రతి రాతి దెబ్బా ఇరుసుకు, ఇరుసు నుండి బండికి, బండి నుండి లాగే జీవికి తగిలేది. వైద్యునికి చికిత్స చేయవలసిన కాళ్లు, భుజాలు కొదువ లేకుండెను. బండి నడవడమన్న సమస్యను బండి మీద కూర్చున్నవాడు చూచే తీరు వేరు. బండి లాగే జంతువు పక్కన నిలిచి చూచే తీరు వేరు. డన్లప్‌ది ఈ రెండవ చూపు.

అయితే ఆయనను ప్రయోగానికి పురికొల్పినది గుఱ్ఱం కాదు, కన్నకొడుకు. బాలుడు జానీకి ఒక మూడు చక్రాల సైకిలు ఉండేది. గట్టి రబ్బరు పట్టీలు తొడిగిన ఆ చక్రాలతో రాతి వీథులలో తిరగడం ఒళ్లు హూనమయ్యే పని. 1887 అక్టోబరులో తండ్రి తన పెరటిలో ఒక కొయ్య బిళ్లను తీసుకొని, పలుచని రబ్బరు రేకుతో చేసిన గొట్టాన్ని దాని చుట్టూ అమర్చి, పైన అవిసెనార బట్ట చుట్టి బిగించాడు. కాలిబంతికి గాలి కొట్టే పంపుతో ఆ గొట్టంలో గాలి నింపాడు. పిమ్మట సైకిలు చక్రం నొకదానిని, ఈ గాలి చక్రాన్ని పెరటిలో రెంటినీ దొర్లించి చూచాడు. మొదటిది కొంత దూరం పోయి పడిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటి, గుమ్మపు స్తంభాన్ని కొట్టుకొని, వెనుకకు ఎగిరింది.

ఈ చిన్న ప్రయోగంలో ఉన్న సత్యం పాఠశాల విద్యార్థికి సైతం బోధపడేదే. గట్టి చక్రం రాతిని ఎదిరిస్తుంది. ఎదిరించినందువల్ల చక్రమంతా పైకి లేవాలి, దానితో బండి లేవాలి. ఆ లేవడంలో శక్తి వృథా అవుతుంది. మెత్తని నేల మీద నడిచేటప్పుడు అదే చక్రం తన బరువునంతా అంగుళం వెడల్పున మోపి నేలను కోస్తుంది. గాలి చక్రం రాతిని ఎదిరించదు. రాయి తగిలిన చోట తాను లోనికి అణగి, దాటిన వెంటనే మునుపటి రూపానికి వస్తుంది. మెత్తని నేల మీద అది వెడల్పుగా పరచుకొని బరువును పంచుతుంది. లొంగడం వలననే అది పట్టు సంపాదిస్తుంది. డన్లప్ కనిపెట్టిన చక్రపు చరిత్ర యావత్తూ ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

కొడుకు సైకిలు వెనుక చక్రాలకు గాలి గొట్టాలు అమరినవి. తరువాత పెద్దవారి సైకిళ్లకు పరీక్షలు జరిగినవి. 1888 డిసెంబరులో ప్రభుత్వం ఆయనకు పేటెంటు హక్కునిచ్చింది. ఉబ్బిన ఆ చక్రాలను చూచి జనం మొదట నవ్వారు. ఆ నవ్వు మాన్పించినవాడు విల్లీ హ్యూమ్ అనే యువకుడు. బెల్ఫాస్ట్‌లోని ఒక సైకిలు సంఘానికి ఆయన నాయకుడు. 1889 మే 18న ఆ నగరంలో జరిగిన క్వీన్స్ కళాశాల క్రీడలలో గాలి చక్రాల సైకిలెక్కి నాలుగు పందెములకు నాలుగూ గెలిచాడు. పిదప ఆంగ్లదేశంలోని లివర్‌పూల్ పందెములలోను అదే కథ. నవ్విన నోళ్లు మూతపడినవి.

ఆ పందెములను గమనించినవారిలో హార్వే డ్యూక్రో అనే డబ్లిను వర్తకుడొకడు. ఆయన కుమారులు పేరుగన్న సైకిలు పందెగాళ్లు. చక్రపు భవిష్యత్తును ఆ తండ్రి వెంటనే గ్రహించాడు. 1889లో డబ్లినులో కంపెనీ ఏర్పడింది. డన్లప్ తన పేటెంటును అప్పగించి అందులో 1,500 వాటాలు పొందాడు. పశువైద్యుని పెరటిలో పుట్టిన వస్తువు పరిశ్రమగా మారుతున్నది. సరిగా ఆ సమయంలోనే పిడుగు పడింది.

గాలి చక్రం క్రొత్తది కాదని తేలింది. డన్లప్‌కు ఐదేండ్ల వయస్సున్నప్పుడే, 1845లో, రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరొక స్కాట్లండువాడు ఇదే భావానికి పేటెంటు పొంది ఉన్నాడు. అప్పటికి ఆయన వయస్సు 23 సంవత్సరాలు. రబ్బరు పట్టించిన గుడ్డ గొట్టం, దానిపై తోలు కవచం, ఇది ఆయన నిర్మాణం. 1847లో లండనులోని రీజెంట్ ఉద్యానవనంలో గుఱ్ఱపు బండ్లకు ఆ చక్రాలు తొడిగి నడిపి చూపించాడు కూడ. బండ్లు చప్పుడు లేకుండ, సుఖంగా నడిచినవి. అయినను ఆ చక్రం వ్యాప్తిలోనికి రాలేదు. పలుచని మంచి రబ్బరు ఆనాడు దుర్లభం, ధర అధికం, దానిని కోరి కొనవలసిన సైకిలు ఇంకా పుట్టలేదు. థామ్సన్ తన బుద్ధిని వేరు మార్గాలకు మరల్చాడు. గట్టి రబ్బరు పట్టీల చక్రాలతో రోడ్డు మీద నడిచే ఆవిరి బండ్లను నిర్మించాడు. 1870 దశకపు తొలినాళ్లలో క్రాంప్టన్ అనే సైనికాధికారి వానిని మన దేశానికి తెప్పించి పంజాబు రోడ్ల మీద నడిపాడు. థామ్సన్ 1873లో ఎడింబరోలో కన్నుమూశాడు. 1860 దశకంలో కొన్ని సంవత్సరాలు ఆయన, యువవైద్యుడు డన్లప్ అదే నగరంలో నివసించారు. అయినను థామ్సన్ చక్రపు సంగతి డన్లప్ ఎరుగడు. అర్ధ శతాబ్దం గడవక పూర్వమే ఒక భావం ఎంతగా మరుగున పడగలదో దీనివలన తెలియుచున్నది.

పేటెంటు చెల్లదని అధికారులు తెలిపారు. డన్లప్ చేతిలో మిగిలినది పేరు మాత్రమే. కంపెనీ నిలిచినది డ్యూక్రో చాకచక్యం వలన. చక్రపు అంచుకు టైరును తీగెతో బిగించే వెల్చ్ పద్ధతిని, అంచులో ఇరికించే బార్ట్‌లెట్ పద్ధతిని ఆయన కొని, వాని బలం మీద వ్యాపారం సాగించాడు. టైరును సులభంగా ఊడదీసి, చిల్లు పూడ్చి, తిరిగి ఎక్కించే వీలు ఆ పద్ధతుల వలననే కలిగింది. డన్లప్ మొదట చేసిన చక్రంలో అతుకు వేయడమంటే కవచమంతా విప్పి తిరిగి అంటించడమే. కనుక గాలి చక్రం ఒక్కని సొత్తు కాదన్నది నిర్వివాదం.

డన్లప్ డబ్లినుకు కాపురం మార్చి కొంతకాలం కంపెనీ నిర్వహణలో పాలుపంచుకొన్నాడు. కాని వర్తక వ్యూహాలకు ఆయన స్వభావం ఇమడలేదు. 1895లో పూర్తిగా విరమించుకొని తన వాటా అమ్ముకొన్నాడు. మరుసటి సంవత్సరం, 1896లో, ఆ కంపెనీని హూలీ అనే ధనికుడు 30 లక్షల పౌనులకు కొని, 50 లక్షల పౌనుల మూలధనంతో ప్రజలకు వాటాలు అమ్మాడు. ఆ సంపదలో కనిపెట్టినవానికి చెందినది లేదు. తరువాత 25 సంవత్సరాలకు పైగా డన్లప్ డబ్లినులో జీవించాడు. రబ్బరు వ్యాపారం వైపు మరల చూడలేదు. ఒక బట్టల దుకాణంలో ఉన్న భాగమే ఆయన వ్యాపారం. 1921 అక్టోబరు 23న తన ఇంట మరణించాడు. ప్రపంచమంతటా చక్రాల మీద తన పేరు దొర్లుతూ ఉండగా, ఆ పేరుగలవాడు సామాన్య గృహస్థుగా సాగిపోయాడు.

ఆయన విరమించుకొన్న 1895 సంవత్సరంలోనే చక్రపు జీవితంలో రెండవ ఘట్టం ఆరంభమైంది. ఫ్రాన్సులో ఆంద్రే, ఎడువార్ మిషెలిన్ సోదరులు పారిస్ నుండి బోర్డో నగరానికి పోయి తిరిగివచ్చే పందెంలో గాలి టైర్లు తొడిగిన మోటారు కారును నడిపారు. దారి పొడుగునా టైర్లు పగిలినవి, పందెం ఓడిపోయారు. అయినను మోటారుకు గాలి చక్రమే గతియని ఆనాడే రుజువైంది.

ఇచట ఒక భేదాన్ని గుర్తించవలసి ఉన్నది. ఎద్దుల బండిలో చక్రం చేసే పని దొర్లడం మాత్రమే. బండిని లాగేది ఎద్దు. నేలను పట్టి తన్నేది ఎద్దు గిట్ట. మోటారు బండికి ఎద్దు లేదు. కనుక అందులో చక్రమే గిట్ట కావలసి వచ్చింది. దొర్లడంతోపాటు నేలను పట్టి త్రోయడం, మలుపు తిరగడం, నిలిపినప్పుడు నిలవడం, ఈ పనులన్నీ నేలకు ఆనిన నాలుగు అరచేతుల ప్రదేశంలో జరగాలి. పలు కార్లలో, ముఖ్యంగా పందెపు జాతి కార్లలో, ఇంజను శక్తి వెనుక చక్రాలకు పోతుంది. వెనుక చక్రాలు త్రోస్తాయి. ముందు చక్రాలు దారి చూపుతాయి. కాడికి కట్టిన ఎద్దులు ముందు నుండి లాగినప్పుడు బండి వాని వెంట చక్కగా పోతుంది. అదే బండిని బురదలో నలుగురు వెనుక నుండి నెట్టినప్పుడు అది ఏ ప్రక్కకు తిరుగునో ఎవరూ చెప్పలేరు. వెనుక చక్రాల కారు గుణం ఇదే. పొడి రోడ్డు మీద ఆ గుణం కనబడదు. నేల జారినప్పుడు బయటపడుతుంది.

జారుడు నేలలలో మంచు కప్పిన నేలకు మించినది లేదు. చలి దేశాలలో టైరుకు రెండు ఆపదలు. నేల జారుతుంది, చలికి రబ్బరు బిగిసి గట్టిపడుతుంది. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగినప్పటి నుండి మామూలు టైరు తన మెత్తదనాన్ని పోగొట్టుకొన నారంభిస్తుంది. అనగా డన్లప్‌కు పూర్వపు గట్టి చక్రంవలె మారిపోతుంది. దీనికి విరుగుడు ఫిన్లండు దేశంలో లభించింది. అచ్చటి రబ్బరు సంస్థ 1934లో లారీలకు, 1936లో కార్లకు ప్రత్యేకంగా శీతకాలపు టైర్లను తయారు చేసింది. నేటి శీతకాలపు టైరులో రబ్బరు పాకం వేరు. గడ్డకట్టే చలిలోను అది మెత్తగా ఉంటుంది. పైనున్న లోతైన గాళ్లలో మంచు కూరుకొని క్రింది మంచును పట్టుకొంటుంది. మంచును అన్నిటికంటె బాగుగా పట్టేది మంచే. సన్నని వందలాది గాట్లు నేలను తాకినప్పుడు విచ్చుకొని అంచులతో కరుస్తాయి. నున్నని గడ్డమంచు మీద నడిచే పందెపు కార్లకు ఉక్కు మేకులు పొదుగుతారు.

ఇట్టి టైర్లతోనైనా వెనుక చక్రాల కారును మంచులో నడపడం ఓర్పుగలవాని విద్య. ఇంజను ముందున్న కారులో వెనుక చక్రాల మీద బరువు తక్కువ, శక్తి ఎక్కువ. పాదం ఒక్కసారి గట్టిగా నొక్కినచో చక్రం ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది, కారు తోక ప్రక్కకు జారుతుంది. అప్పుడు బెదరి బ్రేకు తొక్కినవాడు కారు మొత్తాన్ని బొంగరం చేస్తాడు. ఎరిగినవాడు పాదాన్ని మెల్లగా సడలించి, తోక ఏ వైపు జారుచున్నదో ఆ వైపునకే ముందు చక్రాలను త్రిప్పుతాడు. చక్రం తిరిగి నేలను పట్టేవరకు ఓపిక పడతాడు. బయలుదేరడం, తిరగడం, ఆగడం, మూడూ నింపాదిగా జరగాలి. వెనుక రెంటికే కాక నాలుగు చక్రాలకూ శీతకాలపు టైర్లుండాలి; తోసే చక్రానికి పట్టు ఉండి, దారి చూపే చక్రానికి లేకపోతే కారు తిన్నగా పోయి గోతిలో పడుతుంది. నడిపే విద్యలో కూడ చక్రం చెప్పిన నీతియే వర్తిస్తుంది: బలవంతం చేసినవాడు జారుతాడు, లొంగి నడిచినవాడు నిలుస్తాడు.

ఈ విద్యకు పరీక్ష జనవరి నెలలో ఆల్ప్స్ కనుమల మీదుగా సాగే మాంటికార్లో రాలీ. మంచులో వెనుక చక్రాల పందెపు కారు పనికిరాదన్న వాదాన్ని 1968లో ఆంగ్లేయుడు విక్ ఎల్ఫర్డ్, 1969, 1970లలో స్వీడను దేశీయుడు బ్యోర్న్ వాల్డెగార్డ్ పోర్షే 911 కారులో గెలిచి ఖండించారు. ఆ కారులో ఇంజను వెనుక ఇరుసుకు ఆవల ఉంటుంది. బరువు త్రోసే చక్రాల మీదనే మోపి ఉన్నందున అవి నేలను విడువవు. బరువు ఉండవలసిన చోట ఉండి, టైరు నేలకు తగినదై, నడిపేవాడు నింపాది ఎరిగినవాడైతే మంచు సైతం దారి ఇస్తుంది. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం 2008 నుండి శీతకాలంలో ఇట్టి టైర్లను శాసనం ద్వారా విధించింది. ఉత్తర అమెరికా చలి నగరాలలో కాపురమున్న తెలుగువారు తొలి మంచు పడకముందే టైర్లు మార్పించుకొనడం నేడు పరిపాటి.

మంచు చూడని కడప జిల్లా రైతుకు ఈ కథ పరాయిది కాదు. వానకు నానిన రేగడిలో దుక్కి దున్నే ట్రాక్టరును చూచినవాడు ఈ శాస్త్రమంతా చూచినట్లే. అదీ చాలవరకు వెనుక చక్రాల బండియే. త్రోసే చక్రాలు పెద్దవి; వాని మీద బరువు ఎక్కువ; వానికి లోతైన కణుపుల టైర్లు. ట్రాక్టరుకు గాలి టైర్లు తొడగడం అమెరికాలో 1932లో మొదలైంది. అంతకు ముందు దానికి ఇనుప చక్రాలే. ఒక్క భేదం మాత్రం ఉన్నది. మంచు టైరు గాళ్లలో కూరుకొని మేలు చేస్తుంది. రేగడి కూరుకొన్నదా, టైరు నున్నబడి పట్టు పోతుంది. అందుచేతనే ట్రాక్టరు కణుపుల నడుమ అంత ఎడం ఉంచి, తిరిగేటప్పుడు మట్టి రాలిపోయేటట్లు అమర్చారు. నేల మారితే చక్రం మారాలి. లొంగి పట్టుకొనే ధర్మం మాత్రం మారదు.

డన్లప్ జీవితాన్ని బోధించే ఉపాధ్యాయుడు ఒక విషయంలో జాగ్రత్త వహించాలి. గాలి చక్రాన్ని మొదట కనిపెట్టినవాడు డన్లప్ అని ఒక్క వాక్యంలో చెప్పుట తేలిక. కాని అది థామ్సన్ పట్ల అన్యాయం. థామ్సన్ పేరు చెప్పి డన్లప్‌ను అనుకర్త అనుట మరింత అన్యాయం. ఆయన ఎవరినీ చూచి చేయలేదు. భావం మొదట థామ్సన్‌ది. దానిని తిరిగి స్వయంగా కనుగొని, జీవం పోసి, ఇక మరుగున పడకుండ లోకానికి అప్పగించినవాడు డన్లప్. దానిని సరకుగా మలచినవారు వెల్చ్, బార్ట్‌లెట్, డ్యూక్రో. ఈ వరుసలో ధనం చివరివారికి, పేరు నడిమివానికి, మరపు మొదటివానికి దక్కినవి. చరిత్ర ఎల్లప్పుడు న్యాయంగా పంచదు. ఆ పంపకాన్ని కొంతైనా సరిదిద్దవలసిన చోటు పాఠశాలయే.

డన్లప్ తన చేజారిన సంపద కొరకు పోరాడుతూ మిగిలిన బ్రతుకు చేదు చేసుకొనలేదు. కొడుకు సుఖం కొరకు చేసిన పని లోకానికి సుఖమిచ్చింది. పశువుల బాధ తీర్చడం వృత్తిగా గలవాడు మరణించిన తరువాత, ఆయన ఎన్నడూ చూడని పెన్నాతీరంలో, ఆయన చేయి ఎన్నడూ తాకని ఎద్దుల మెడ మీద బరువు తగ్గింది. వైద్యునికి ఇంతకంటె గొప్ప చికిత్స లేదు.